రాత్రి రెండింటికి విదిలించుకునే చెయ్యి

(హైదరాబాద్ నల్లకుంటలో, ఒక కాలనీ సంక్షేమ సంఘం హాల్లో, ఆదివారం ఉదయం ఒక ఆక్యుపేషనల్ థెరపిస్ట్, అంటే రోజువారీ పనులు చేసుకోగలిగేలా చికిత్స చేసే ఆమె, చేసిన ప్రసంగం, ఆ తర్వాతి ప్రశ్నలు. మాటను మాటగానే ఉంచాం. పునరుక్తులు మాత్రం తీసేశాం.)

నమస్కారం అండి. మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న. రాత్రి ఒంటిగంటకో రెండింటికో చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చి, లేచి కూర్చుని, ఇదిగో ఇలా, తడిచేతి నీళ్లు దులుపుకున్నట్టు విదిలించుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? మొహమాటపడకండి. చేతులెత్తండి, ఎత్తగలిగితే.

(నవ్వులు)

ఆ... పది, పన్నెండు. వెనక వరసలో ఇంకో ఇద్దరు. ఎత్తినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, చూశారా? ఇది మన కాలనీ విచిత్రం కాదు. దీని పేరు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్, మణికట్టులో నరం నలిగే జబ్బు. ఎక్కడ లెక్కేసినా మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఈ జబ్బు సుమారు మూడు రెట్లు ఎక్కువ. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య మరీ ఎక్కువ.

మా అమ్మ కూడా అలాగే విదిలించుకునేది. ముందు ఆ సంగతి చెప్తాను. సంక్రాంతి వస్తే మా ఇంట్లో మూడు రోజులు సకినాలే. చేసినవాళ్లకు తెలుసు. తడి బియ్యప్పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలితిప్పుతూ, గుడ్డ మీద చుట్టు మీద చుట్టు తిప్పుకుంటూ పోవాలి. చుట్టపక్కాలందరికీ పంచాలి కదా, వందల్లో చుట్టాలి. ఒక ఏడు పండగైపోయాక అమ్మ అంది, "రాత్రిపూట చెయ్యి నాది కానట్టే ఉంటది బిడ్డా. గిచ్చుకున్నా తెలుస్తలేదు" అని. దగ్గర్లో ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. చెయ్యి పట్టుకుని చూడలేదు. "నరాల బలహీనత" అన్నారు. బలం మాత్రలు రాసిచ్చారు. రెండేళ్లు మింగింది. రెండేళ్లూ రాత్రి లేచి కూర్చుంది. అప్పటికి నేను ఇదే చదువు చదువుతున్నాను. పుస్తకంలో ఆ జబ్బు పేరు చదివి, బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకున్నాను. పక్క మంచం మీద అమ్మ చెయ్యి విదిలించుకుంటున్నది మాత్రం నాకు కనపడలేదు. అందుకే డాక్టరుగారిని తిట్టే హక్కు నాకు లేదనుకుంటాను.

ఒకరోజు మాటల్లో అడిగాను, "చిటికెన వేలు కూడా మొద్దుబారుతుందా అమ్మా?" అని. కాసేపు ఆలోచించి, "లేదు, అది మంచిగనే ఉంటది" అంది. అక్కడ వెలిగింది.

ఎందుకు వెలిగిందో చెప్పాలంటే మణికట్టు లోపలికి వెళ్లాలి. అరచేతి వైపు, మణికట్టు గీత దాటి కొంచెం ముందుకు, అరచెయ్యి మొదలయ్యే చోట బొటనవేలితో నొక్కండి. గట్టిగా తగులుతుంది కదా. అక్కడ ఎనిమిది చిన్న ఎముకలు తొట్టిలా అమరి ఉంటాయి. తొట్టికి మూతలా పైన, ఎముకల్ని కలిపి పట్టే ఒక గట్టి లిగమెంట్. ఈ సందునే కార్పల్ టన్నెల్ అంటారు. దీంట్లోంచి వేళ్లను ముడిచే టెండన్లు, అంటే కండరాలు లాగితే కదిలే తాళ్లు, తొమ్మిది వెళ్తాయి. వాటితో పాటు ఒకే ఒక్క నరం, మీడియన్ నరం. వానాకాలం సాయంత్రం మలక్‌పేట రైల్వే వంతెన కింద ఇరుక్కున్నవాళ్లు ఉంటే వాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. తొమ్మిది ఆర్టీసీ బస్సులు, వాటి నడుమ ఒక స్కూటీ. బస్సుకు గీత పడితే పడింది. నలిగేది స్కూటీ.

ఆ నరం బొటనవేలికి, చూపుడు వేలికి, మధ్యవేలికి, ఉంగరం వేల్లో సగానికి స్పర్శ ఇస్తుంది. చిటికెన వేలి నరం వేరు, దాని దారి వేరు. అందుకని మూడున్నర వేళ్లు మొద్దుబారి చిటికెన వేలు బాగుంటే అనుమానం మణికట్టు మీదికి పోవాలి. చిటికెన వేలూ దాని పక్కదీ మాత్రమే తిమ్మిరెక్కితే కథ మోచేతి దగ్గర ఉండొచ్చు. మెడ తిప్పితే చేతిలోకి కరెంటు దిగినట్టు ఉంటే మెడ చూడాలి. రెండు పాదాల్లోనూ చిమచిమలుంటే షుగరు, బీ12 చూడాలి. ఇవన్నీ ఒకే మనిషిలో రెండేసి ఉండొచ్చు కూడా. మన ఊళ్లో చెయ్యి తిమ్మిరి అనగానే మెడకు ఎమ్మారై తీయించుకుని వస్తారు. నలభై దాటిన చాలామంది మెడల్లో ఏదో ఒక అరుగుదల కనపడుతుంది. ఆ రిపోర్టు పట్టుకుని మెడకు బెల్టు వేసుకుని తిరుగుతుంటారు. చెయ్యి మాత్రం రాత్రి రెండింటికి లేపుతూనే ఉంటుంది.

రాత్రే ఎందుకు? నిద్రలో మనం మణికట్టును మడిచేస్తాం. దిండు కింద పెట్టుకుంటాం, చెంప కింద పెట్టుకుంటాం, పిల్లాడిలా గుండె దగ్గర ముడుచుకుంటాం. 1981లో అమెరికా వైద్యులు ఈ సందులోకి సన్నటి గొట్టం పంపి ఒత్తిడి కొలిచారు. బీపీ కొలిచినట్టే, పాదరసం మిల్లీమీటర్లలో. బాగున్నవాళ్లలో చెయ్యి నిటారుగా ఉంచితే సగటున 2.5. ఈ జబ్బు ఉన్నవాళ్లలో అదే భంగిమలో 32. ఇక వీళ్లలోనే మణికట్టు పూర్తిగా కిందికి వంచితే 94, పైకి వంచితే 110. ఈ నాలుగు అంకెలు గుర్తుంచుకుంటే ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో సగం మీకు వచ్చేసినట్టే. నరానికి రక్తం తెచ్చే నాళాలు వెంట్రుకల్లాంటివి. అంత ఒత్తిడిలో వాటిలో రక్తం ఆగుతుంది. నరం మూగబోతుంది. మీరు లేచి విదిలిస్తే మణికట్టు నిటారవుతుంది, రక్తం కదులుతుంది, చిమచిమలాడుతూ ప్రాణం తిరిగొస్తుంది.

ఇంట్లో చేసుకునే పరీక్షలు రెండు చూపిస్తాను. రెండు చేతుల వెనకభాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలను చూసేలా, నమస్కారాన్ని తిరగేసినట్టు పట్టుకోండి. ఒక నిమిషం. దీనికి ఫాలెన్ పరీక్ష అని పేరు, అమెరికా సర్జన్ జార్జ్ ఫాలెన్ పేరు మీద. ఆ నిమిషం లోపు మూడు వేళ్లలో తిమ్మిరి మొదలైతే అనుమానించాలి. రెండోది, ఇందాక నొక్కమన్నానే, ఆ చోట బొటనవేలితో అర నిమిషం నొక్కి ఉంచడం. ఇవి అనుమానానికే. తేల్చడానికి నరాల కండక్షన్ పరీక్ష ఉంది, మనవాళ్లు కరెంటు పరీక్ష అంటారు. చిన్న చిన్న షాకులిచ్చి నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో కొలుస్తారు. చిరాగ్గా ఉంటుంది, ప్రమాదం లేదు. ఈ మధ్య అల్ట్రాసౌండ్‌తోనూ నరం ఎంత వాచిందో చూస్తున్నారు. అయితే కథ స్పష్టంగా ఉన్నప్పుడు పరీక్ష అయ్యేదాకా వైద్యం ఆపాల్సిన పనిలేదు, మణికట్టుకు కట్టే పట్టీతో మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు పట్టీ సంగతి. నా పొట్టకూడు ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓర్చుకోండి.

మణికట్టును కట్టి నరాన్ని కాపాడటం కొత్తేం కాదు. 1850ల్లోనే లండన్‌లో సర్ జేమ్స్ పేజెట్ తన ప్రసంగాల్లో ఒక రోగి గురించి చెప్పాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగి, అతుక్కునేటప్పుడు ఎముక ఎక్కువగా పెరిగి, ఈ నరాన్ని నొక్కేసింది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు పుండ్లు పడ్డాయి. ఏం చేసినా మానలేదు. చివరికి నరం మీద ఒత్తిడి తగ్గేలా మణికట్టును కట్టి ఉంచితే మానాయి. మళ్లీ చెయ్యి వాడటం మొదలుపెట్టగానే తిరిగొచ్చాయి. ఈ వైద్యం బలమూ బలహీనతా రెండూ ఆ ఒక్క రోగిలోనే ఉన్నాయి.

మీరు ఏ మందుల షాపులో అడిగినా మణికట్టు స్ప్లింట్ దొరుకుతుంది, కొన్ని వందల రూపాయలు. నల్లగానో నీలంగానో ఉంటుంది, వెల్‌క్రో పట్టీలు, అరచేతి వైపు చిన్న జేబు, అందులో ఒక అల్యూమినియం రేకు. ఆ రేకు దగ్గరే వస్తుంది చిక్కు. చాలా కంపెనీల రేకు చెయ్యి కొంచెం పైకి లేచి ఉండేలా, ఇరవై ముప్ఫై డిగ్రీల వంపుతో వస్తుంది. బెణుకులకూ ఇతర జబ్బులకూ ఆ వంపు బాగుంటుంది. మన జబ్బుకు పనికిరాదు. ఆ నాలుగు అంకెలు గుర్తున్నాయా? పైకి వంచితే పెరిగేది కూడా ఒత్తిడే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఈ తప్పు చేశాను. పాతబస్తీ నుంచి జర్దోసీ పని చేసే ఒకాయన వచ్చేవారు. మగ్గం మీద వంగి రోజంతా సూది పొడిచే చెయ్యి. పట్టీ రాసిచ్చాను, డబ్బాలోంచి తీసింది తీసినట్టే కట్టాను, ఆరు వారాలు వేసుకోమన్నాను. ఆయన మాట తప్పని మనిషి. ఆరు వారాలు ఒక్క రాత్రి మానలేదు. తిరిగొచ్చి, "మేడమ్, ముందుకంటే ఎక్కువైంది" అన్నారు. నాకు కోపం వచ్చింది, సరిగ్గా వేసుకోలేదేమోనని. మా సీనియర్ ఒకావిడ ఆ పట్టీని చేతిలోకి తీసుకుని, జేబులోంచి రేకు లాగి, టేబుల్ మీద పెట్టింది. అది పడవలా రెండు కొసలూ లేచి నిలబడింది. నా వైపు చూసి ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

కాబట్టి పట్టీ కొనగానే రేకు బయటికి తీయండి. టేబుల్ అంచుకు ఆనించి, రెండు చేతులతో నొక్కి తిన్నగా చేయండి. మెత్తటి లోహం, వంగుతుంది. మళ్లీ జేబులో దూర్చి, చేతికి కట్టుకుని, ముంజేతి వెనక నుంచి చేతి వెనక భాగం మీదికి పిల్లల స్కేలు ఒకటి ఆనించి చూడండి. స్కేలు దాదాపు తిన్నగా ఆనితే మణికట్టు నిటారుగా ఉన్నట్టు. వెల్‌క్రో కింద ఒక వేలు దూరాలి. దూరకపోతే మీరే ఇంకో టన్నెల్ కట్టుకున్నట్టు. అరచేతిలో వేళ్లకు దగ్గరగా అడ్డంగా ఉండే గీత దాటి పట్టీ ముందుకు రాకూడదు, వేళ్లు హాయిగా ముడుచుకోవాలి.

ఎప్పుడు వేసుకోవాలి? రాత్రి. ఆరు వారాలు. రోజూ. పగలంతా వేసుకుని తిరిగితే చెయ్యి బిగుసుకుపోతుంది, పైగా పట్టీతో పోట్లాడుతూ పనిచేస్తే ఒత్తిడి మోచేతికీ భుజానికీ పోతుంది. రెండు చేతులకూ ఉంటే రెండింటికీ వేసుకోవాలి. రాత్రి దుప్పటి లాక్కోవడానికి కూడా కుదరదని అందరూ తిడతారు, నిజమే. మరీ కష్టమైతే ఎక్కువ బాధపెట్టే చేతితో మొదలుపెట్టండి. మే నెల హైదరాబాద్ ఉక్కలో ఇది నరకం, అదీ నిజమే. పాత కాటన్ సాక్సు ముందుభాగం కత్తిరించి, బొటనవేలికి ఒక కన్నం పెట్టి, లోపల తొడుక్కోండి. చెమట పీలుస్తుంది, దురద రాదు. ఎవరికైనా డబ్బాలోది సరిపడకపోతే మేం ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో వేసి, అప్పడం నానినట్టు మెత్తబడ్డాక, మీ చేతి మీదే అచ్చు తీసి ఇస్తాం. వాచిన చేతులకు, కీళ్లవాతంతో వంకర తిరిగిన వేళ్లకు అదే మేలు.

మొదటి వారంలోనే నిద్ర మారినట్టు తెలుస్తుంది చాలామందికి. అక్కడితో తీసి అటక మీద పెట్టేస్తారు. ఆరు వారాలు అన్నాను.

ఇంజెక్షన్‌కి వద్దాం. అది నేనివ్వను. ఇచ్చేవాళ్ల పక్కన నిలబడి వందలసార్లు చూశాను. సన్నటి సూదితో టన్నెల్లోకి స్టెరాయిడ్ వేస్తారు. స్టెరాయిడ్ మాట వినగానే కొందరి మొహం మారిపోతుంది, ఇప్పుడు కూడా మారింది. రోజూ నెలల తరబడి మింగే స్టెరాయిడ్ వేరు, ఒక్కసారి ఒక్క చోట వేసేది వేరు. ఇంగ్లండులో 234 మందితో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. సగం మందికి మిథైల్ ప్రెడ్నిసొలోన్ 20 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఒకటి, మిగతా సగానికి ఆరు వారాలు రాత్రి పట్టీ. ఆరు వారాలప్పుడు ఇంజెక్షన్ వాళ్లు ఎక్కువ బాగున్నారు. ఆరు నెలలప్పుడు చూస్తే ఇద్దరికీ తేడా లేదు. అంటే తొందరగా నిద్ర కావాలంటే సూది, కొంచెం ఓపికుంటే పట్టీ. నా పట్టీల వ్యాపారం కోసం చెప్పడం లేదు.

(నవ్వులు)

స్వీడన్‌లో మరొకటి చేశారు, 2013లో వచ్చింది. పట్టీతో తగ్గని 111 మంది. కొందరికి 80 మిల్లీగ్రాములు, కొందరికి 40, కొందరికి మందులేని ఉత్త సూది. పది వారాలప్పుడు మందు పడినవాళ్లు స్పష్టంగా మేలు. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు ఉత్త సూది వాళ్లలో నూటికి 92, 40 వాళ్లలో 81, 80 వాళ్లలో 73. ఈ అంకెల్ని రెండు రకాలుగా చదవొచ్చు. సూది కొందరిని ఆపరేషన్ నుంచి తప్పించింది, నిజం. పట్టీకి లొంగని జబ్బులో సూది వేసుకున్నాక కూడా నూటికి డెబ్బై మందికి పైగా చివరికి బల్ల ఎక్కారు, అదీ నిజం. మీ డాక్టరు గారు ఒక్క సగమే చెప్తే రెండో సగం మీరు అడగండి.

షుగరున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సూది వేశాక కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. ఇంట్లో మిషనుంటే రోజూ చూసుకోండి, షుగరు మందు రాసే డాక్టరుకు ముందే చెప్పండి. సూది వేసిన చోట చర్మం కొంచెం తెల్లబడొచ్చు. చాలా అరుదుగా సూది నరానికే తగలొచ్చు, అందుకే అల్ట్రాసౌండులో చూస్తూ వేసేవాళ్లు ఉన్నారు. సూది గుచ్చుతున్నప్పుడు వేళ్లలోకి షాకు కొట్టినట్టయితే ఓర్చుకుని కూర్చోకండి, వెంటనే చెప్పండి.

మాత్రలు. ఇక్కడ నేను కాస్త కటువుగా మాట్లాడతాను. నొప్పి మాత్రలు ఈ జబ్బును తగ్గించవు. నీరు తీసే మాత్రలు తగ్గించవు. బీ6 విటమిన్ తగ్గించదు. పైగా బీ6, అదే పిరిడాక్సిన్, ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగితే తానే నరాల్ని పాడుచేస్తుంది. బలం కోసం వేసుకున్న మాత్ర వల్ల చేతులూ కాళ్లూ మొద్దుబారడం అంటే ఎంత అన్యాయమో చూడండి. రక్తపరీక్షలో బీ12 తక్కువుంటే బీ12 వేసుకోండి, అది వేరే జబ్బుకు వేరే మందు. స్టెరాయిడ్ మాత్రలు రెండు వారాలు ఇస్తే కొన్నాళ్లు ఉపశమనం ఉంటుంది, సూది అసలు వద్దనేవాళ్లకు అప్పుడప్పుడు ఇస్తారు. అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

వ్యాయామాల గురించి ఒక చిన్న మాట. టెండన్లు జారే వ్యాయామం అని నేర్పిస్తాం. వేళ్లు తిన్నగా, తర్వాత కొక్కెంలా, తర్వాత పిడికిలి, మళ్లీ తిన్నగా. చెడేం లేదు, చెయ్యి బిగుసుకోకుండా ఉంటుంది. అవొక్కటే జబ్బు తగ్గిస్తాయని చెప్పడానికి ఆధారం బలంగా లేదు. యోగా మీద 1998లో అమెరికాలో 42 మందితో ఒక ప్రయత్నం జరిగింది. శరీరం పైభాగాన్ని సాగదీసే పదకొండు ఆసనాలు, వారానికి రెండుసార్లు, ఎనిమిది వారాలు. పిడికిలి బలం పెరిగింది, నొప్పి తగ్గింది. చిన్న అధ్యయనమే, అయినా ఆశ పుట్టించేది. ఐతే మీరు పార్కులో చేసే సూర్యనమస్కారాల్లో అరచేతులు నేలకానించి ఒంటి బరువంతా మోపుతారు చూడండి, మణికట్టు పూర్తిగా పైకి వంగి ఉంటుంది. 110 అన్నాను కదా. దానిమీద బరువు కూడా. చెయ్యి తిమ్మిరులున్నన్నాళ్లు ఆ భాగం మానేయండి, లేదా పిడికిళ్ల మీద చేయండి.

మిషన్ల విషయం త్వరగా చెప్పేస్తాను. అల్ట్రాసౌండ్ థెరపీ, లేజరు, షాక్‌వేవ్... ఆధారాలు పలచన, బిల్లు చిక్కన. రక్తంలోంచి ప్లేట్‌లెట్లు తీసి ఎక్కించే పీఆర్పీ ఇప్పుడు మన ఊళ్లో మోకాలి నుంచి జుట్టు దాకా అన్నిటికీ చేస్తున్నారు. మణికట్టుకు దీర్ఘకాలంలో ఉపయోగపడుతుందని తేలలేదు. నరం చుట్టూ డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ నీళ్లు ఎక్కించి అతుకులు విడదీసే పద్ధతి మీద తైవాన్‌లో కొంత మంచి పని జరిగింది, అది చేయడం వచ్చిన చేతుల్లో ఆలోచించదగ్గదే. పసుపూ సున్నమూ కట్టు గురించి ఎవరో అడుగుతారు, నేనే చెప్పేస్తున్నా. వెచ్చగా హాయిగా ఉంటే కట్టుకోండి. గట్టిగా మాత్రం బిగించకండి.

పని గురించి. ఐటీ పిల్లల తల్లిదండ్రులు వచ్చి కంప్యూటర్ వల్లే వచ్చిందంటారు. టైపింగ్‌కీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం మనం అనుకున్నంత గట్టిది కాదు. బలంగా పట్టుకుని మళ్లీ మళ్లీ చేసే పని, అదిరే మిషను పట్టుకునే పని, వీటితో సంబంధం చాలా గట్టిది. మాదాపూర్‌లో మౌసు పట్టే చేతికంటే ఆ ఆఫీసు కట్టేటప్పుడు డ్రిల్లింగ్ మిషను పట్టిన చెయ్యికి ప్రమాదం ఎక్కువ. రంజాన్ నెలలో హలీం బట్టీ దగ్గర గంటల తరబడి కట్టెతో హలీంను మెదిపేవాళ్లను చూడండి. పొద్దస్తమానం బండి హ్యాండిలు పట్టుకుని మన గుంతల రోడ్ల మీద తిండి చేరవేసే పిల్లల్ని చూడండి. వాళ్లు పని మానలేరు. మానమని చెప్పే డాక్టరు మీద వాళ్లకు నమ్మకం పోతుంది. నేను చెప్పేది చిన్నచిన్నవి. హ్యాండిలు గ్రిప్పు లావుగా మెత్తగా చేయించుకో. సిగ్నల్ దగ్గర చేతులు వదిలేసి కిందికి వేలాడెయ్యి. కట్టెకు గుడ్డ చుట్టు. చపాతీ పిండి పిసకడం ఇంట్లో ఇంకొకరికి నేర్పించు, ఇది మాత్రం మగవాళ్లు వినాలి.

(నవ్వులు, చప్పట్లు)

ఇంతసేపూ ఆపరేషన్ లేకుండా ఏం చేయొచ్చో చెప్పాను. ఎప్పుడు ఆపరేషన్ వాయిదా వేయకూడదో కూడా చెప్పకపోతే నేను మీకు అపకారం చేసినదాన్నవుతాను. మీ రెండు అరచేతులు పక్కపక్కన పెట్టుకుని బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే కండ చూసుకోండి. ఒకవైపు చదునై గుంటపడినట్టుంటే, జాకెట్టు హుక్కు పెట్టుకోవడం రాకపోతే, గ్లాసు చేతిలోంచి జారిపోతుంటే, తిమ్మిరి వచ్చిపోవడం మానేసి ఇరవైనాలుగు గంటలూ ఉండిపోతే, పట్టీలతో కాలక్షేపం చేయకండి. నరం చచ్చిపోతోంది. విచిత్రమేంటంటే ఆ దశలో కొందరికి నొప్పి తగ్గుతుంది. "నయమైందమ్మా, ఇప్పుడు లేవడం లేదు" అంటూ ఒక పెద్దావిడ వచ్చింది. చూస్తే ఆ కండ లేదు. సూది గుచ్చితే తెలియడం లేదు. నొప్పి చెప్పే నరం కూడా మూగబోయింది. ఆపరేషన్ చేయించాం. రాత్రిళ్లు బాగానే ఉంది, కండ మాత్రం తిరిగి రాలేదు. మణికట్టు విరిగి కట్టు కట్టాక వేళ్లు మొద్దుబారి నొప్పి పెరుగుతూ పోతే అది ఆ పూటే ఆసుపత్రికి పోవాల్సిన పరిస్థితి, తెల్లారేదాకా ఆగకూడదు.

ఇక అడగండి.

*మా కోడలికి ఎనిమిదో నెల మేడమ్. రెండు చేతులూ తిమ్మిర్లంటోంది.*

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో నీరు చేరుతుంది, ఆ ఇరుకు సందులోనూ చేరుతుంది. చివరి నెలల్లో మామూలే. రాత్రి పట్టీ వేయించండి, అందులో ఏ మందూ లేదు కదా. కాన్పు తర్వాత ఎక్కువమందికి దానంతటదే తగ్గిపోతుంది. బీపీ మాత్రం చూపించుకుంటూ ఉండండి, చేతులూ మొహమూ ఒక్కసారిగా వాస్తే డాక్టరుకు చెప్పాలి. పుట్టాక పసివాణ్ణి ఎత్తుకుని పాలిచ్చేటప్పుడు మణికట్టు వంచి తల పట్టుకోకుండా, ముంజేతి మీద పడుకోబెట్టుకోమనండి.

*నాకు థైరాయిడ్ ఉంది, షుగరుంది. నాకు పట్టీ పనిచేస్తుందా?*

రెండూ ఈ జబ్బును తెచ్చేవే. థైరాయిడ్ తక్కువుంటే ఆ మందు సరిగ్గా వేసుకోవడమే సగం వైద్యం. నాకు తెలిసి పట్టీ కట్టి, సూది వేసి, ఏమీ తగ్గక, చివరికి రక్తపరీక్షలో థైరాయిడ్ బయటపడినవాళ్లు ఉన్నారు. ముందు ఆ పరీక్షలు చేయించుకోండి. పట్టీ మీకూ పనిచేస్తుంది. ఆరు వారాల్లో మార్పు లేకపోతే మాత్రం ఇంకో ఆరు వారాలు అని సాగదీయకండి, కరెంటు పరీక్ష చేయించి చేతి సర్జన్‌ను కలవండి.

*మీ అమ్మగారికి ఎలా ఉంది మేడమ్ ఇప్పుడు?*

ఎడమ చేతికి పట్టీతో సరిపోయింది. కుడి చేతికి సూది, ఏడాదికి మళ్లీ వచ్చింది, ఆపరేషన్ చేయించాం. పదిహేను నిమిషాలు పట్టింది, అదే రోజు ఇంటికొచ్చింది. ఆ సంక్రాంతికి పిండి కలిపింది, చుట్టింది నేనూ మా తమ్ముడూ. వాడివి మరీ ఘోరంగా వచ్చాయి. అమ్మ వాటిని చూసి, నా చెయ్యి ఎందుకు బాగుచేయించారురా అంది.

*మేడమ్, నేను రెండేళ్ల నుంచి ఇది వేసుకుంటున్నా. ఏం తగ్గట్లే.*

ఇటివ్వండి అక్కా. మైకు ఎవరైనా పట్టుకుంటారా? ఇదిగో, ఈ జేబు చూడండి, ఇందులోంచి రేకు... బిగుసుకుపోయింది, రెండేళ్ల చెమట కదా. ఆ, వచ్చింది. టేబుల్ మీద పెడుతున్నా, ముందు వరసవాళ్లు చూడండి. ఎలా లేచి నిలబడిందో చూశారా? ఆగండి, అంచుకు పెట్టి నొక్కుతున్నా. ఇంకొంచెం. ఇప్పుడు చెయ్యి ఇవ్వండి. అటు కాదక్కా, అరచెయ్యి పైకి. ఎవరి దగ్గరైనా స్కేలు ఉందా? ఆ పిల్లాడి బ్యాగులో చూడండి, ఉంటుంది.